వేళ్ళ పరీక్ష

నమోదు 1

ఇది గుంట శిబిరం ముక్కల సంఘం రికార్డు. రాసేది నూకరాజు, కార్యదర్శి. ఎన్నికేమీ జరగలేదు. రికార్డు ఎవరు రాస్తారని అడగ్గానే మిగతా ముగ్గురూ కింద పడ్డ ముక్కలేవో వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి దూరారు. సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. తుమ్మితే ఒప్పుకున్నట్టేనని తీర్మానించారు. ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటువైపు వెళ్ళనివాడి చేత రాయిస్తున్నారు కనక ఇందులో తప్పులకి సంఘమే బాధ్యత వహించాలి.

సభ్యుల సంగతి. ఏసుపాదం: మాదీ వాడిదీ ఒకటే లంక, ఒకటే రేవు. రేవులో పంటు నడిచిన రోజుల్లో దానిమీద టికెట్లు చింపేవాడు. ఇప్పుడు నాతోపాటు తీగలు అతుకుతాడు. మార్తమ్మ: వాడి భార్య, శిబిరంలో వంటమ్మ. నర్సింగం: జగిత్యాల వైపు మనిషి, మంచుబండి తోలతాడు. నేను: పైన ఎవరి గురించీ చెడుగా రాయలేదంటే నేనెంత మంచివాణ్ణో తెలుస్తూనే ఉంది.

గుంట అంటే చంద్రుడి మీద ఎండ ఎప్పుడూ దిగని పల్లం. దాని అడుగున మంచు ఉంది. దాన్ని తవ్వి పైకి పంపే పని మా కంపెనీది. గుంట చలిలో మందపాటి గ్లౌజులు తొడుక్కుని నెలల తరబడి పనిచేస్తే వేళ్ళు మొద్దుబారతాయి. అందుకని డాక్టరమ్మ తలా ఒక డబ్బా బొమ్మ ముక్కలు ఇప్పించింది. ఒకదాని బొడిపెలు ఇంకొకదాని అడుగున నొక్కితే టిక్కుమని అతుక్కుంటాయే, ఆ పిల్లల ముక్కలే. రోజూ కడుతూ విప్పుతూ ఉంటే వేళ్ళు బతికుంటాయట.

శిబిరంలో చాలామంది ఆ డబ్బాని మంచం కిందికి తోసేశారు. మా నలుగురికీ మాత్రం పిచ్చి పట్టింది. పక్కవాళ్ళ బట్టలు ఉతికిపెట్టి వాళ్ళ డబ్బాలు రాబట్టుకున్నాం. రంగుకో గిన్నె, సైజుకో గిన్నె. నర్సింగానికి యాభై నిండాయి, తెల్లముక్కకీ పాలతెలుపు ముక్కకీ తేడా కనిపెట్టలేదని నాతో ఒక పూట మాట్లాడలేదు.

సంఘం నియమాలు. ఒకటి: అతుక్కుపోయిన ముక్కల్ని పళ్ళతో పీకకూడదు. రెండు: ఎవరి కట్టడం మీదా వాళ్ళు లేనప్పుడు చెయ్యి వేయకూడదు. రెండు నియమాలూ నావల్లే పుట్టాయి.

నమోదు 4

ఏసుపాదం, మార్తమ్మ పంటు కడుతున్నారు. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ మేకల్నీ ఒకేసారి ఎక్కించుకుని ఆవలి ఒడ్డుకి దాటించే పెద్ద బల్లకట్టు అది. దానికి బొమ్మ కాగితం ఏ డబ్బాలోనూ లేదు. రేవూ లేదిప్పుడు, లంకా లేదు. సముద్రం పైకొచ్చి కూర్చుంది. ఇద్దరూ జ్ఞాపకం మీదే కడుతున్నారు కాబట్టి ముక్క ముక్కకీ గొడవే.

"ఇంజను గది ఎడంపక్కుండేది" అంటుంది మార్తమ్మ.

"టికెట్లు సింపినోణ్ణి నేను. కుడిపక్క."

"నువ్వు టికెట్లు సింపింది ఎప్పుడు? ఉడకబెట్టిన సెనక్కాయల గంపట్టుకుని నేనెక్కితే, నాకేసి సూత్తా టికెట్లన్నీ నీళ్ళలో ఒదిలేసేవోడివి."

"నీకు టికెట్ కొట్టలేదు కదా! దానికి సంతోషించు."

"కాయలు దోసెడు తినేసేవోడివి. టికెట్టే నయం."

డబ్బాల్లో వచ్చే బొమ్మ మనుషులందరికీ హెల్మెట్లే ఉంటాయి. అందుకని పంటు మీద మేకలు కాసేవాడు, పెళ్ళికూతురు, పోలీసు, అందరూ హెల్మెట్లతోనే నిలబడ్డారు. "గిది మునిగినా ఫికర్ లేదు, అందరికీ గాలి డబ్బాలున్నయ్" అన్నాడు నర్సింగం.

కొరతల్లా నీలం ముక్కలదే. కింద నది పొయ్యాలి. శిబిరం మొత్తం గాలించినా కాలవకి సరిపడా దొరకలేదు.

నా వంతు సేవ కూడా నమోదు చేస్తున్నాను. నా దగ్గర ఒక నీలం ముక్క ఉంది, రెండు బొడిపెలది. ఒకటో నియమం పుట్టింది దానివల్లే. ఒక బొడిపె మీద నా పన్ను దిగిన గాటుంది. దాన్ని చడీచప్పుడు లేకుండా ఏసుపాదం గిన్నెలో కలిపేస్తుంటాను. వాడు ముక్కల వంక చూడడు. మార్తమ్మతో వాదిస్తూనే గిన్నెలో బొటనవేలు పెట్టి దొర్లిస్తాడు. అది తగిలిందంటే చాలు, తల తిప్పకుండానే నామీదికి విసురుతాడు. ఇక్కడ విసిరింది మధ్యలో కింద పడదు, తిన్నగా వచ్చి నుదుటికే తగులుతుంది.

"నీ ఎంగిలి ముక్క నాకెందుకురా?"

ఎన్నిసార్లు కలిపానో, అన్నిసార్లూ దొరికాను. వాడి బొటనవేలికి కళ్ళున్నాయని సంఘం తీర్మానించింది.

నమోదు 9

ఈరోజు ఎంగిలి ముక్క కలిపి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఏసుపాదం దాన్ని తీశాడు. కంటి దగ్గరగా పెట్టుకుని రంగు చూశాడు. గాటున్న వైపు అవతలికి ఉంది. పంటు అంచు గోడలో పెట్టి నొక్కాడు. దానిమీద ఇంకోటి. దానిమీద ఇంకోటి.

నాకు తెగ నవ్వొచ్చింది. గెలిచానని లేవబోయాను. అప్పుడు వాడి చెయ్యి చూశాను. ముక్కని వేళ్ళతో కాదు, కళ్ళతో పట్టుకుంటున్నాడు. కన్ను వదిలితే ముక్క జారిపోతోంది. జారినా వాడికి తెలియట్లేదు. ఉత్త వేళ్ళు గోడకేసి నొక్కి, టిక్కుమనలేదని అప్పుడు కిందికి చూస్తున్నాడు.

మార్తమ్మ చపాతీలు లెక్కపెట్టుకుంటోంది. ఆమె చూడలేదు.

నేను గెలుపు ప్రకటించలేదు.

నమోదు 10

బయటికి వెళ్ళే సూట్లు తొడుక్కునే గదిలో ఏసుపాదం ఒక్కడే దొరికాడు. ముక్క సంగతి ఎత్తలేదు. చూపు తప్పితే ముక్క జారుతోంది, చూశాను అన్నాను.

వాడు బూటు పట్టీ బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"బొటనేలు, దాని పక్కది, నడిమిది. గుడ్డ సుట్టినట్టుందిరా. మొదట్లో పొద్దున పూటే ఉండేది. ఇప్పుడు రోజంతాను."

"డాక్టరమ్మకి చెప్పు."

"సెప్తే ఏమౌద్దో తెలుసుగా?"

తెలుసు. ప్రతి నెలా వేళ్ళ పరీక్ష ఉంటుంది. బల్ల మీద బొమ్మ కాగితం పెట్టి, ముక్కలు పోసి, బజర్ కొడతారు. రెండో బజర్ కొట్టేలోపు కట్టలేకపోతే వేళ్ళు పోయినట్టు లెక్క. వచ్చే బండిలో కిందికి, భూమ్మీదికి పంపేస్తారు. ఒకసారి దిగినవాణ్ణి మళ్ళీ పైకి ఎక్కించరు.

"మార్త ఒప్పందం ఇంకా సగముంది" అన్నాడు. "పెళ్ళైన కాణ్ణుంచి నేనో దేశం, అదో దేశం. అది ఎవరింట్లోనో వంట, నేను ఎక్కడో ఎడార్లో తీగలు. ఇద్దరం ఒక కప్పు కింద పడుకోటానికి సందమామ దాకా రావాల్సొచ్చింది. ఇప్పుడు దాన్నొదిలేసి నేను దిగిపోనా?"

వాడి రెండో బూటు పట్టీ నేను బిగించాను. ఎగతాళి చెయ్యకుండా నేను సాయం చెయ్యడం అరుదు కాబట్టి నమోదు చేస్తున్నాను.

"దానికి సెప్పకురా" అన్నాడు.

చెప్పనన్నాను.

నమోదు 13

పరీక్షలో వచ్చే బొమ్మలు మూడే: క్రేను, వంతెన, మంచుబండి. వేరేవాళ్ళకి అవి పరీక్ష. మా సంఘానికి అవి ఎక్కాలు. మూడూ మేం నిద్రలో కట్టగలం.

ఏసుపాదానికి కళ్ళతో కట్టడం నేర్పుతున్నాను. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో నోటికి రావాలి. ముక్క పట్టుకున్నాక వేలి గోరు తెల్లబడిందో లేదో చూడాలి. తెల్లబడితే పట్టు ఉన్నట్టు. నొక్కాక చెవి పెట్టాలి; టిక్కుమంటే కూర్చున్నట్టు. వేలు చెప్పాల్సినవన్నీ కంటికీ చెవికీ పంచేశాం.

"ఒక్కటే క్రేను గిన్నిసార్లు కడుతరా? మీకు పిచ్చి ముదిరిందే" అన్నాడు నర్సింగం.

"పోటీకి నర్సింగం, పోటీకి. నీకంటే ముందు కట్టి నిన్ను ఏడిపించాలని."

మార్తమ్మ వంటగది గుమ్మంలోంచి చూసి మురిసిపోయింది. "సిన్నపిల్లలు నయం మీకంటే" అంది. తలా ఒక అప్పడం ఎక్కువేసింది.

నమోదు 15

పరీక్ష అయింది. ఏసుపాదానికి వంతెన వచ్చింది. రెండో బజర్‌కి చాలా ముందే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ వంతెనని అటూ ఇటూ తిప్పి చూసి, శిబిరంలో ఇంత చురుకైన వేళ్ళు లేవంది. ఈ వయసులో ఎలా సాధ్యమని అడిగింది.

"సిన్నప్పట్నుంచి టికెట్లు సింపిన వేళ్ళండి ఆయ్" అన్నాడు వాడు.

మార్తమ్మ పాలపొడితో పాయసం కాచింది. జీడిపప్పు లేదని వేరుశనగ పలుకులు వేసింది. వడ్డిస్తూ, "మా ఆయన ఏళ్ళు సూసేవా అన్నయ్యా! డాక్టరమ్మే ముక్కు మీదేలేసుకుంది" అంది.

నేను రెండు గిన్నెలు తాగాను. సంఘం చరిత్రలో ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. పంటుకి కప్పు కూడా ఎక్కింది. గాటున్న ముక్క ఇంకా దాని గోడలోనే ఉంది. తియ్యాలనుకున్నాను. రెండో నియమం గుర్తొచ్చి వదిలేశాను. అది సాకు. తీస్తే ఏ రోజు పెట్టావని అడుగుతాడని భయం.

నమోదు 19

గ్లౌజు గురించి కాస్త రాయాలి. ప్రతి వేలికీ ఒక సన్నటి వేడి తీగ ఉంటుంది. ఒక్కోసారి ఒక వేలి తీగో, పక్కపక్కనున్న రెండు మూడు వేళ్ళ తీగలో తెగిపోతాయి. దీపం వెలగదు, బెల్లు మోగదు. మోగక్కర్లేదు కూడా. గుంట చలి ఆ వేలిని కొరికితే మనిషి కేక పెట్టి వెనక్కి పరిగెడతాడు. నొప్పే దానికి బెల్లు.

అందుకని పనిలో వాడి పక్కనే ఉంటున్నాను. మాటిమాటికీ వాడి చెయ్యి పట్టుకుని గ్లౌజు వేళ్ళకి తీగలు చూసే మీటరు ఆనిస్తున్నాను. మా మేస్త్రీ చూసి, ఇద్దరూ చేతులు పట్టుకుని తిరుగుతున్నారేంటని వెక్కిరించాడు. పెళ్ళి కుదిరింది, భోజనాలకి రండి అన్నాను.

నమోదు 20

ఈరోజు అవతలి గట్టు మీద తీగ తెగింది. మేస్త్రీ నన్ను అక్కడికి పొమ్మన్నాడు. ఏసుపాదాన్నీ పంపమన్నాను. పంటి గాటంత అతుక్కి ఇద్దరెందుకన్నాడు. ఎందుకో నేను చెప్పలేదు. వెళ్ళాను.

వచ్చేసరికి వాడు నర్సింగం బండి దిగి సూట్ల గదిలో ఉన్నాడు. హెల్మెట్ తీసి, ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. గ్లౌజు లాగాడు. బొటనవేలూ పక్క రెండూ మైనంలా తెల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి. బల్లకి తగిలితే చెక్క తగిలినట్టు చప్పుడైంది.

"ఏంట్రా, అందరూ అట్టా సూత్తన్నారు?" అన్నాడు.

నర్సింగం వాడి చెయ్యి తన చొక్కాలో పెట్టుకుని వెచ్చబెడుతూ, "ఏం కాదన్నా, ఏం కాదన్నా" అంటూనే ఉన్నాడు.

నమోదు 21

మూడూ తీసేశారు.

మార్తమ్మ ఈ పూట కూడా వండింది. అన్నం మాడింది. అందరం కంచాలు ఊడ్చుకు తిన్నాం.

నమోదు 22

డాక్టరమ్మ పాత పరీక్ష వీడియో తీసి మళ్ళీ మళ్ళీ చూస్తోందట. నన్ను పిలిచింది. ఇంత చురుకైన వేళ్ళకి చలి తెలియకపోవడమేంటి, మీరు కలిసి పనిచేస్తారు కదా, మీకేమైనా అనుమానం వచ్చిందా అని అడిగింది. నిన్నటి నుంచి కళ్ళు వాచి ఉన్నాయి ఆమెకి. తప్పంతా తనదే అనుకుంటోంది.

నాకేం తెలియదన్నాను.

జన్మంతా అబద్ధాలాడి నవ్వించాను. ఇదొక్కటీ ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

నమోదు 24

ఏసుపాదం ఈరోజు దిగిపోయాడు.

బండి సిద్ధమయ్యే లోపు, పంటు చూడాలి అన్నాడు. నేనూ మార్తమ్మా తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాం. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడంచేత్తో కప్పు తడిమాడు, ఇంజను గది తడిమాడు. "ఎడంపక్కే ఉండేదేమోలే" అన్నాడు భార్యతో. ఆమె ఏడుపు ఆపుకుంటూ, "కుడిపక్కే. నాకిప్పుడు గేపకం ఒచ్చింది" అంది.

వాడి ఎడమ బొటనవేలు అంచు గోడ వెంట వెళ్ళింది. మధ్యలో ఆగింది.

వెనక్కొచ్చింది. మళ్ళీ ఆగింది.

వాడు నవ్వాడు. "నీ ఎంగిలి ముక్క!" అన్నాడు. చేతికి అలవాటు లేకపోయినా పైముక్కలు ఊడదీసి దాన్ని బయటికి లాగాడు. "ఎడంచేత్తో కూడా దొరికిపోయేవురా. ఎప్పుడెట్టేవు?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్న పెట్టాననొచ్చు. కానీ అంచు గోడ ఎప్పుడు కట్టారో ఆ ఇద్దరికీ తెలుసు. దానిమీద కప్పెక్కింది, కప్పెక్కిన రోజున పాయసం తాగాం.

"అంచు కట్టిన రోజు" అన్నాను. "నువ్వే పెట్టావు. విసురుతావని నేను ఎదురుచూశాను."

వాడి నవ్వు మెల్లగా పోయింది. కోపం మాత్రం రాలేదు. "అయితే ఆ రోజే తెలిసిందన్నమాట నీకు" అన్నాడు.

"ఏం తెలిసింది?" అంది మార్తమ్మ.

వాడు చెప్పాడు. గుడ్డ చుట్టినట్టున్న వేళ్ళ గురించి, క్రేను గురించి, గోరు తెల్లబడటం గురించి. "ఆణ్ణేమీ అనకు. నేనే సెప్పొద్దన్నాను. నీకాడుండాలని" అన్నాడు చివర్లో.

మార్తమ్మ నావైపు చూడలేదు. వాడు ఆ నీలం ముక్కని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. బండి హారన్ కొట్టింది.

నేను డాక్టరమ్మ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేది.

నమోదు 26

పరీక్ష మారింది. ఇకనుంచి కళ్ళకి గంతలు కడతారట, వచ్చే నెల నుంచి. మార్తమ్మ వచ్చే నెల దాకా ఆగలేదు.

ఈరోజు భోజనాల దగ్గర గరిటె పక్కన ఒక బియ్యం సంచి వేలాడుతోంది. దాంట్లో కుడిచెయ్యి పెట్టాలి. ఆమె లోపల ఒక ముక్క వేస్తుంది. ఎన్ని బొడిపెలో, ఏ ఆకారమో చెప్పాలి. చెబితేనే కంచం. మా సంఘానికే కాదు, శిబిరంలో అందరికీ.

"అమ్మా, ఆకలైతాంది. ముందు బువ్వ పెట్టు, ఎనక చెప్త" అన్నాడు నర్సింగం.

"ఎనకాల సెప్పేవోళ్ళు సాలు నాకు" అంది. వెనక నిలబడ్డ నాకు తగలాల్సిన చోటే తగిలింది.

నా వంతు వచ్చింది. చెయ్యి పెట్టాను. రెండు బొడిపెలు, ఒకదాని మీద గాటు.

"నా ఎంగిలి ముక్క" అన్నాను.

కంచంలో అన్నం, పప్పు, అందరికీ ఎంతో నాకూ అంతే వేసింది. ఒక్క మాట తిట్టలేదు. అన్నయ్యా అని కూడా పిలవలేదు.

నమోదు 29

రోజూ అదే జరుగుతోంది. మిగతావాళ్ళకి రోజుకో ముక్క. నాకు మాత్రం రోజూ అదే ముక్క.

ఏసుపాదం కింద నుంచి గొంతు రికార్డు చేసి పంపించాడు. ఎడంచేత్తో బొత్తాలు పెట్టుకోవడం వచ్చిందట. అక్కడ కూడా ఎవరో ముక్కల డబ్బా ఇచ్చారట, ఎడంచేత్తో కడుతుంటే ఇల్లు పక్కకి ఒరిగిపోతోందట. "పంటు కింద నీళ్ళు పోసేరా?" అని అడిగాడు. మార్తమ్మ అది వంటగదిలో పెద్దగా పెట్టుకుని విన్నది, మళ్ళీ పెట్టుకుని విన్నది. తర్వాత వచ్చి సంఘం బల్ల దగ్గర వాడి కుర్చీలో కూర్చుంది. అంచు గోడలో ఎంగిలి ముక్క ఉన్న చోటు ఖాళీగానే ఉంది. దాన్ని పూడ్చలేదు. నది మొదలుపెట్టింది.

నా పాత కట్టడాలు విప్పి, అందులో దొరికిన నీలం ముక్కలన్నీ ఆమె గిన్నె పక్కన పెట్టేసి వచ్చాను. మర్నాడు చూస్తే నదిలో కలిసి ఉన్నాయి.

నమోదు 33

ఈరోజు సంచిలో చెయ్యి పెట్టాను. ఆమె ముక్క వేసింది.

వేళ్ళ మధ్య ఏదో ఉంది. ఉందని తెలుస్తోంది, అంతే. బొటనవేలు దొర్లించాను. గుడ్డ చుట్టినట్టుంది. వాడు చెప్పిన మాటే, ఇంకో మాట దొరకలేదు నాకు.

వెనక వరసలో వాళ్ళు కంచాలు చప్పుడు చేస్తున్నారు. ఏ ముక్కో నాకు తెలుసు. రోజూ ఇచ్చేదే. నోరు తెరిచి ఆ మూడు మాటలు అంటే చాలు, పప్పన్నం తినేసి గుంటలోకి పోవచ్చు.

"తెలియట్లేదు" అన్నాను.

మార్తమ్మ గరిటె ఆపింది. వాడు దిగిపోయాక మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"సరిగ్గా సూడన్నయ్యా" అంది మెల్లగా. "రోజూ ఇచ్చేదే."

"రోజూ ఇచ్చేదేనని నాకు తెలుసు చెల్లెమ్మా. వేలికి తెలియట్లేదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి, వడ్డన నర్సింగానికి అప్పజెప్పింది. నా కంచం తనే తెచ్చి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. మజ్జిగ పోసింది. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి కూడా తనే తీసుకెళ్ళింది.

నమోదు 34

వచ్చే బండిలో దిగిపోతున్నాను. ఇది నా చివరి నమోదు. ఇకమీదట రికార్డు మార్తమ్మ రాస్తుంది. ఆమె తుమ్మలేదు, అడిగి తీసుకుంది. నర్సింగం వేళ్ళు ఇంకా బాగున్నాయి. రోజుకి రెండుసార్లు చూడమన్నాను. చూస్తానంది.

పంటు కింద నది సగం దాకా వచ్చింది. హెల్మెట్ల జనం ఆవలి ఒడ్డు కేసి చూస్తూ నిలబడే ఉన్నారు. ఆవలి ఒడ్డు ఇంకా కట్టలేదు.

సామాను సర్దుతుంటే మార్తమ్మ వచ్చి నా చొక్కా జేబులో ఏదో వేసింది. బయటి నుంచి తడిమితే నాకేమీ తెలియలేదు. తీసి చూశాను. నీలం ముక్క, పంటి గాటు.

"ఆయనకిచ్చెయ్యనా?" అన్నాను.

"ఇవ్వమాకు" అంది. "ఆయన ముక్కల్లో కలిపెయ్యి. సెప్పకుండా కలిపెయ్యన్నయ్యా. కలిపేసి, నుదుటికి సెయ్యడ్డం పెట్టుకుని పక్కన కూకో."